జ్యామితి ఆకారాల పేర్లు: విడగొట్టి చదవడం, గీసి గుర్తుంచుకోవడం

పరీక్షకు ముందురోజు సాయంత్రం మా అక్క కూతురు కళ్లు మూసుకుని జపంలా వల్లిస్తోంది: సమబాహు, సమద్విబాహు, విషమబాహు... సమబాహు, సమద్విబాహు, విషమబాహు. ఆరో తరగతి పిల్ల. "బాహు అంటే ఏమిటమ్మా?" అని అడిగాను. క్షణం కూడా తడుముకోలేదు. "త్రిభుజం, మామయ్యా" అంది. మరి త్రిభుజంలో భుజం అంటే ఏమిటని అడిగితే, తన భుజం మీద తట్టి చూపించి, ఆ తర్వాత తనకే అనుమానం వచ్చి ఆగిపోయింది.

ఆ రెండు జవాబుల్లోనే ఉంది అసలు చిక్కు. మనం ఈ పేర్లను అర్థం లేని శబ్దాలుగా బట్టీ పడతాం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించిన ఫలితాలు జ్ఞాపకశక్తి అధ్యయనానికి పునాది వేశాయి. ఆయన కావాలనే అర్థం లేని అక్షరాల గుంపులను బట్టీ పట్టి, అవి ఎంత వేగంగా చెదిరిపోతాయో కొలిచాడు. మన పిల్లలు అర్థం ఉన్న మాటలను కూడా అర్థం లేనివాటిలాగే బట్టీ పడుతున్నారు, ఫలితం కూడా అలాగే ఉంటోంది.

నిజానికి తెలుగులో వాడే ఆకారాల పేర్లలో చాలావరకు పొట్టి వాక్యాలు. "సమద్విబాహు త్రిభుజం" అంటే "మూడు చేతులుండి, అందులో రెండు సమానంగా ఉన్నది" అని ఆ పేరే చెప్పేస్తోంది. ఆ వాక్యాన్ని చదవడం వస్తే నిర్వచనం వేరే నేర్చుకోనక్కర్లేదు. కొన్ని పేర్లు మాత్రం తప్పుదారి పట్టిస్తాయి. శ్రమ వాటి మీద పెట్టాలి.

కాగితం, పెన్సిల్, స్కేలు, కత్తెర, కాస్త దారం, ఒకే పొడవున్న నాలుగు పుల్లలు దగ్గర పెట్టుకోండి. ఇది చదివి వదిలేసే పని కాదు, గీస్తూ చేసే పని.

మొదటి మెట్టు: ముక్కలు పోగుచేసుకోండి

ఈ పేర్లన్నీ మూడు రకాల ముక్కలతో తయారయ్యాయి. ఒకటి, సంఖ్యలు: ద్వి, త్రి, చతుర్, పంచ, షట్, సప్త, అష్ట, నవ, దశ. రెండు, అవయవాలు: భుజం, బాహువు, కోణం, అస్రం, ముఖం, శీర్షం. మూడు, గుణాలు: సమ, విషమ, దీర్ఘ, అర్ధ, లంబ, అల్ప, అధిక, క్రమ. ఈ పాతిక లోపు ముక్కలను ఒక కాగితం మీద మూడు వరుసలుగా రాసుకుంటే చాలు, పేర్లలో ఎక్కువ భాగం మీ చేతిలో ఉన్నట్టే.

అవయవాల దగ్గర కొంచెం ఆగాలి. తెలుగులో భుజం అంటే చేతికి, మెడకు మధ్య ఉండే భాగం. అందుకే మా పిల్ల తన భుజం తట్టుకుంది. కానీ సంస్కృతంలో భుజం అంటే మొత్తం చెయ్యి, బాహువు అన్నా అదే. విష్ణువును చతుర్భుజుడు అంటారు, నాలుగు చేతులవాడు కాబట్టి. జ్యామితిలో చతుర్భుజం కూడా అదే మాట: నాలుగు చేతులున్నది, అంటే నాలుగు గీతల మధ్య మూసుకున్నది. ఇక బ్రహ్మ చతుర్ముఖుడు, నాలుగు ముఖాలవాడు. ఘనాకృతుల్లో నాలుగు త్రిభుజాల తలాలతో మూసుకునే ఆకారాన్ని చతుర్ముఖి అంటారు. ఈ ఇద్దరు దేవుళ్లనూ పక్కపక్కన నిలబెట్టుకుంటే ఒక పెద్ద తేడా ఎప్పటికీ మరచిపోరు. పేరులో భుజం ఉంటే అది కాగితం మీది ఆకారం, ముఖి ఉంటే అది చేత్తో పట్టుకునే ఆకారం.

అస్రం అంటే మూల. చతుర్ + అస్రం కలిస్తే చతురస్రం, నాలుగు మూలలది. చదరపు అడుగు అనేటప్పుడు వాడే చదరం కూడా దీని తమ్ముడే. భరతుని నాట్యశాస్త్రం నాటకశాలలకు మూడు ఆకారాలు చెబుతుంది: వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం. చివరిది మూడు మూలలది, అంటే త్రిభుజాకారం. సంగీతం నేర్చుకున్నవారికి చతురశ్ర జాతి అంటే నాలుగు, త్రిశ్ర జాతి అంటే మూడు అని తెలుసు. వారికి ఈ ముక్క ఎప్పుడో వచ్చేసింది, జ్యామితిలోనూ పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు, అంతే.

రెండో మెట్టు: లెక్కపెట్టి పేరు పెట్టండి

మూడు నుంచి పది వరకు గీతల సంఖ్యతో ఆకారాలు గీయండి. గీసిన ప్రతిదానికీ సంఖ్య + భుజం కలిపి మీరే పేరు పెట్టండి: త్రిభుజం, చతుర్భుజం, పంచభుజి, షడ్భుజి, సప్తభుజి, అష్టభుజి, నవభుజి, దశభుజి. మొదటి రెండూ "భుజం" అని, తర్వాతివి "భుజి" అని ముగుస్తాయి, ఇది వాడుకలో స్థిరపడిన పద్ధతి. అన్నిటికీ కలిపి బహుభుజి. భుజాలన్నీ సమానంగా, కోణాలన్నీ సమానంగా ఉంటే ముందు "క్రమ" చేరుతుంది. ఇక్కడ రెండు షరతులూ ఉండాలి. నాలుగు భుజాలూ సమానంగా ఉండి పక్కకు వాలిపోయిన ఆకారం క్రమ బహుభుజి కాదు.

ఆరు దగ్గర అందరూ తడబడతారు. షడ్భుజి, షట్కోణం, షణ్ముఖుడు: మూడింటిలోనూ ఉన్నది ఆరే. అసలు మాట షట్. తర్వాత "క" లాంటి పరుషాక్షరం వస్తే ట్ అలాగే నిలుస్తుంది, అందుకే షట్కోణం. తర్వాత "భ" వచ్చినప్పుడు ట్ మెత్తబడి డ్ అవుతుంది, అందుకే షడ్భుజి. "మ" వస్తే ముక్కులోకి జారి ణ్ అవుతుంది, అందుకే షణ్ముఖుడు. బడిలో సంధులు చదివినప్పుడు ఇదెందుకురా బాబూ అనుకున్నవారికి ఇదిగో ఒక ఉపయోగం. కొందరు "షష్ఠభుజి" అని రాస్తారు. షష్ఠం అంటే ఆరవది, ఆరు కాదు. తప్పు అక్కడ దొర్లుతుంది.

పేరు పెట్టడమైంది కాబట్టి ఒక చిన్న పని చేయండి. ప్రతి బహుభుజిలోనూ ఒకే మూల నుంచి మిగతా మూలలకు గీతలు గీయండి. చతుర్భుజం రెండు త్రిభుజాలుగా, పంచభుజి మూడుగా, షడ్భుజి నాలుగుగా విడిపోతాయి. ఎప్పుడూ భుజాల సంఖ్య కంటే రెండు తక్కువ. ఒక్కో త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలు కాబట్టి పంచభుజిలో 540, షడ్భుజిలో 720. పేరులోని అంకె నుంచే కోణాల మొత్తం బయటకు లాగవచ్చు.

సప్తభుజి గురించి ఒక ముచ్చట. స్కేలు, కంపాస్ మాత్రమే వాడి క్రమ పంచభుజిని, క్రమ షడ్భుజిని కచ్చితంగా గీయవచ్చు. క్రమ సప్తభుజిని మాత్రం ఎంత నేర్పరి అయినా అలా గీయలేడు. అదే 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని 1796లో జర్మన్ గణితవేత్త కార్ల్ ఫ్రెడ్రిక్ గౌస్ కనుక్కున్నాడు. అప్పటికి అతని వయసు 18. మీ సప్తభుజి కాస్త వంకరగా వస్తే బాధపడకండి.

మూడో మెట్టు: త్రిభుజానికి రెండు పేర్లు

త్రిభుజానికి ఇంటిపేరు ఒకటి, పేరు ఒకటి. భుజాలను బట్టి సమబాహు, సమద్విబాహు, విషమబాహు. కోణాలను బట్టి అల్పకోణ, లంబకోణ, అధికకోణ. 90 డిగ్రీల కంటే తక్కువైతే అల్పం, సరిగ్గా 90 అయితే లంబం, ఎక్కువైతే అధికం. పాత పుస్తకాల్లో వీటినే లఘుకోణం, గురుకోణం అని కూడా రాసేవారు.

ఈ రెండు వరుసలనూ విడివిడిగా బట్టీ పట్టడం వల్ల పిల్లలు వీటిని ఆరు వేర్వేరు త్రిభుజాలు అనుకుంటారు. అలా కాదు, ప్రతి త్రిభుజానికీ రెండు వరుసల నుంచీ చెరొక పేరు ఉంటుంది. తొమ్మిది గళ్ల పట్టిక గీయండి: అడ్డంగా బాహువుల పేర్లు, నిలువుగా కోణాల పేర్లు. ప్రతి గడిలో ఆ రెండు పేర్లకూ సరిపోయే త్రిభుజాన్ని గీయడానికి ప్రయత్నించండి. సమద్విబాహు లంబకోణం సులువే: చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిస్తే వస్తుంది. విషమబాహు అధికకోణం ఇంకా సులువు. తొమ్మిదిలో రెండు గళ్లు మాత్రం ఎంత ప్రయత్నించినా ఖాళీగానే మిగులుతాయి. అవేమిటో ఇక్కడ చెప్పను. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణమూ 60 డిగ్రీలే అని గుర్తు చేసి ఊరుకుంటాను. ఈ పట్టికతో పది నిమిషాలు కుస్తీ పట్టిన పిల్లలకు ఆ ఆరు పేర్లూ మళ్లీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

నాలుగో మెట్టు: చతుర్భుజాల కుటుంబం

అసలు తికమక ఇక్కడే, కాబట్టి నిదానంగా వెళ్దాం. సమాంతర చతుర్భుజం, సమచతుర్భుజం, సమలంబ చతుర్భుజం: మూడూ "సమ"తోనే మొదలవుతాయి, మూడూ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. ఏది సమానమో అడగండి. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు వస్తాయి.

సమ + అంతర: అంతరం అంటే దూరం, ఎడం. రెండు గీతల మధ్య ఎడం అంతటా సమానంగా ఉంటే అవి సమాంతరాలు. ఎదురెదురు భుజాలు రెండు జతలూ అలా ఉంటే సమాంతర చతుర్భుజం.

సమ + చతుర్భుజం: ఇక్కడ సమానమైనవి భుజాలే, నాలుగూ. రాంబస్ అని కూడా అంటాం.

సమ + లంబ: ఇది కొంచెం లోతైనది. నా చిన్నప్పుడు ట్రెపీజియానికి, అంటే ఒక జత భుజాలు సమాంతరంగా ఉన్న చతుర్భుజానికి, ఈ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు, చాలా ఏళ్లు అదేదో లంబకోణం ఉన్న బొమ్మ అనుకున్నాను. ఒక ట్రెపీజియం గీసి, పై భుజం మీది రెండు కొసల నుంచీ కింది భుజం మీదకు నిట్టనిలువుగా గీతలు దించండి. ఆ రెండు లంబాలూ సమానంగా వస్తాయి, ఎందుకంటే పై భుజం, కింది భుజం సమాంతరాలు. సమలంబం అంటే అదే. ఒక జత భుజాలు సమాంతరమనే మాటనే దించిన లంబాల వైపు నుంచి చెబుతోంది పేరు. ట్రెపీజియం అనే మాటే వాడేవారికి ఒక హెచ్చరిక: బ్రిటన్‌లో ట్రెపీజియం అనేదాన్ని అమెరికాలో ట్రెపజాయిడ్ అంటారు. అమెరికన్ పుస్తకంలో ట్రెపీజియం అని కనిపిస్తే అది ఏ రెండు భుజాలూ సమాంతరం కాని ఆకారం.

ఇప్పుడు తప్పుదారి పట్టించే పేరు: దీర్ఘచతురస్రం. "పొడవైన చతురస్రం" అని వినగానే బుర్రలో ఒక బొమ్మ పడుతుంది, చతురస్రాన్ని పట్టుకుని సాగదీసినట్టు. ఆ బొమ్మ పడ్డాక, "చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే" అని ఉపాధ్యాయుడు అంటే పిల్లలు ఎదురు తిరుగుతారు. వాళ్ల ఎదురుతిరగడంలో న్యాయం ఉంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడా వాళ్ల పక్షమే. ఆయన నిర్వచనాల్లో దీర్ఘచతురస్రం అంటే కోణాలన్నీ లంబకోణాలై, భుజాలన్నీ సమానం కానిది. ఈనాటి పద్ధతి వేరు: నాలుగూ లంబకోణాలైతే చాలు, భుజాల గురించి అడగం. అందువల్ల చతురస్రం కూడా ఆ గుంపులోకే వస్తుంది.

ఈ పేరు వెనక ఇంకొక సంగతి కూడా ఉంది. పాత గణిత గ్రంథాల్లో చతురస్రం అంటే నాలుగు మూలలున్న ఏ ఆకారమైనా కావచ్చు. అందుకే ఆర్యభట ఈనాటి చతురస్రాన్ని చెప్పడానికి సమచతురస్రం అనాల్సి వచ్చింది. ఆ అర్థంలో చూస్తే దీర్ఘచతురస్రం అంటే "పొడవైన నాలుగు మూలల ఆకారం" అంతే, అందులో వైరుధ్యం ఏమీ లేదు. తర్వాత చతురస్రం అనే మాట ఇరుకై ఒక్క ఆకారానికే మిగిలిపోయింది, దీర్ఘచతురస్రం మాత్రం పాత అర్థంతోనే నిలిచింది.

ఇక పుల్లలు బయటకు తీయండి. ఒకే పొడవున్న నాలుగు పుల్లలను కొసల దగ్గర దారంతో వదులుగా కట్టి చట్రం చేయండి. బల్ల మీద పెట్టి మూలలు నిటారుగా సర్దితే చతురస్రం. ఒక మూలను వేలితో మెల్లగా తోయండి. చట్రం వాలుతుంది, కోణాలు మారుతాయి, కానీ పుల్లల పొడవు మారదు కదా? అది సమచతుర్భుజం. ఎంత తోసినా సమచతుర్భుజమే. తోస్తూ తోస్తూ ఉంటే ఒక్క క్షణం మళ్లీ నిటారుగా నిలుస్తుంది, ఆ క్షణంలో మాత్రమే చతురస్రం. అంటే చతురస్రం సమచతుర్భుజాల్లో ఒకటి, విడిగా ఉన్న వేరే జాతి కాదు. మాటల్లో అరగంట చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క తోపుతో ఎక్కుతుంది.

కర్ణాలతో, అంటే ఎదురెదురు మూలలను కలిపే గీతలతో, కూడా ఇదే ఆట ఆడవచ్చు. రెండు కాగితపు పట్టీలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి, నాలుగు కొసలను గీతలతో కలపండి. పట్టీలు రెండూ తమ మధ్యబిందువుల దగ్గర కలిస్తే సమాంతర చతుర్భుజం. అలా కలిసి పొడవు కూడా సమానమైతే దీర్ఘచతురస్రం. మధ్యలో కలిసి, ఒకదానికొకటి లంబంగా ఉంటే సమచతుర్భుజం. మూడూ కుదిరితే చతురస్రం. లంబంగా ఉండి, ఒకటి మాత్రమే రెండోదాన్ని సరిగ్గా సగం చేస్తే గాలిపటం. కర్ణం అనే మాట లంబకోణ త్రిభుజంలో కూడా వస్తుందే, ఒకే మాటకు రెండు అర్థాలా అని అడుగుతారు. దీర్ఘచతురస్రాన్ని కర్ణం వెంట కత్తిరించి చూడండి. చేతిలో మిగిలిన లంబకోణ త్రిభుజంలో పొడవైన భుజం ఆ కర్ణమే. రెండు అర్థాలు కావు, ఒకే గీత. పైథాగరస్ పేరుతో మనం నేర్చుకునే సిద్ధాంతాన్ని బౌధాయన శుల్బసూత్రం దీర్ఘచతురస్రపు కర్ణం గురించిన మాటగానే చెబుతుంది, త్రిభుజం ఊసు ఎత్తకుండా.

ఐదో మెట్టు: వృత్తాన్ని విల్లుగా చూడండి

వృత్తం అంటే తిరిగినది. దారం ఒక కొసను వేలితో నొక్కి, రెండో కొసకు పెన్సిల్ కట్టి ఒక చుట్టు తిప్పితే పేరు వెనకున్న క్రియ చేతికి తెలుస్తుంది. దారం పొడవు వ్యాసార్ధం. వేలు నొక్కిన చోటు కేంద్రం. ఈ మాట గ్రీకు నుంచి సంస్కృతానికి వచ్చింది, కానీ ఇప్పుడు పరాయిదంటే ఎవరూ నమ్మరు. చుట్టూ ఉన్న గీత పరిధి.

వ్యాసం అంటే విస్తరించినది, వెడల్పు. అందులో సగం వ్యాస + అర్ధం, అంటే వ్యాసార్ధం. చాలాచోట్ల వ్యాసార్థం అని థ-తో అచ్చవుతోంది. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. ఒక ఒత్తు మారితే సగం కాస్తా భావమైపోతుంది. వాడుకలో స్థిరపడిన ముద్రణను తప్పుపట్టి మార్కులు కోసేంత పట్టుదల నాకు లేదు గానీ, ధ-తో రాస్తే పేరు తన నిర్వచనాన్ని తానే చెబుతుంది.

ఇప్పుడు వృత్తంలో పక్కగా ఒక గీత గీయండి, కేంద్రం గుండా పోకుండా. ఆ గీతను, దాని మీదుగా వంగిన పరిధి ముక్కను కలిపి చూడండి. ఏం కనిపిస్తోంది? విల్లు. వంగిన ముక్క చాపం, అంటే విల్లే. రెండు కొసలనూ కలిపే తిన్నని గీత జ్యా, అంటే వింటినారి. ఈ రెండు మాటలూ కలిసి ఒకే బొమ్మ కాబట్టి ఒకటి గుర్తొస్తే రెండోది వెంటే వస్తుంది. కేంద్రం గుండా పోయే జ్యాయే వ్యాసం, అన్ని జ్యాలలో పొడవైనది.

ఈ నారి చాలా దూరం ప్రయాణించింది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో అర్ధజ్యాల విలువలు ఉన్నాయి. జ్యాకు మరో రూపమైన జీవా అనే మాట అరబ్బుల చేతికి "జీబ"గా వెళ్లింది. అరబ్బీ రాతలో అచ్చులు సరిగా కనబడకపోవడం వల్ల దాన్ని "జైబ్"గా చదివారు. జైబ్ అంటే దుస్తుల మడత, ఎద. లాటిన్‌లోకి అనువదించినవారు ఆ అర్థమే తీసుకుని "సైనస్" అన్నారు. పదో తరగతి త్రికోణమితిలో మనం చదివే సైన్ అలా పుట్టింది. మన నారి మనకే వేరే పేరుతో తిరిగొచ్చింది.

మిగతావి త్వరగా: వృత్తాన్ని తాకి వెళ్లిపోయేది స్పర్శరేఖ, కోసుకుంటూ పోయేది ఛేదనరేఖ. రెండు వ్యాసార్ధాల మధ్య భాగం త్రిజ్యాంతరం. త్రిజ్య అనేది వ్యాసార్ధానికి పాత పేరు, అంతరం అంటే మధ్య. జ్యాకు, చాపానికి మధ్య మిగిలేది వృత్తఖండం.

ఆరో మెట్టు: చేత్తో పట్టుకునే ఆకారాలు

ఘనాకృతుల పేర్లలో అక్షరదోషాలు ఎక్కువ, వాటితో పాటు అపార్థాలు కూడా. కోన్‌ను శంఖువు అని రాయడం చూస్తుంటాం, చదివినవారు శంఖంతో ముడిపెడతారు. అసలు మాట శంకువు, అంటే మేకు, గూటం. నేలలో పాతి నీడను కొలిచే నిలువు కర్రకు కూడా అదే పేరు. శంకుస్థాపన అంటే శంకువును నాటడమే. శంకువును వేర్వేరు కోణాల్లో కోస్తే వచ్చే వక్రరేఖలను శాంకవాలు అంటాం. శంకు నుంచి శాంకవం వచ్చింది కాబట్టి క సరైనదని అదే సాక్ష్యం చెబుతుంది. అడ్డంగా కోస్తే వృత్తం, కాస్త ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం, పక్క గోడకు సమాంతరంగా కోస్తే పరావలయం, ఇంకా నిటారుగా కోస్తే అతిపరావలయం. వలయం అంటే కంకణం. చివరి రెండూ మాత్రం ఎక్కడా మూసుకోని కంకణాలు.

స్థూపం అనగానే కొందరికి బౌద్ధుల స్తూపం గుర్తొచ్చి గుమ్మటం ఊహించుకుంటారు. జ్యామితిలో స్థూపం అంటే పైనా కిందా సమాన వృత్తాలున్న గుండ్రని దిమ్మె. స్మారక స్తంభాన్ని ఊహించుకుంటే పొరపాటు రాదు. గోళం, అర్ధగోళం పేర్లకు వివరణ అక్కర్లేదు.

సమఘనానికి, దీర్ఘఘనానికి మధ్య సంబంధం చతురస్రానికి, దీర్ఘచతురస్రానికి మధ్య ఉన్నదే. సమఘనానికి ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది శీర్షాలు, అంటే మూలలు. ముఖాలకు శీర్షాలు కలిపి అంచులు తీసేస్తే 2 మిగులుతుంది. పిరమిడ్‌కు, పట్టకానికి (ప్రిజమ్‌కు), చతుర్ముఖికి కూడా లెక్కపెట్టి చూడండి, అదే 2. లియోనార్డ్ ఆయిలర్ పేరుతో ఉన్న సూత్రం ఇది. లెక్కపెట్టేటప్పుడు ముఖం, అంచు, శీర్షం అనే మాటలు పదిసార్లు నోటికొస్తాయి, నాకు కావలసింది కూడా అదే. పట్టకానికి, పిరమిడ్‌కు పేరు పెట్టాలంటే ముందు అడుగున ఏముందో చూడాలి. అడుగు త్రిభుజమైతే త్రిభుజాకార పట్టకం, షడ్భుజి అయితే షడ్భుజాకార పట్టకం. పట్టకంలో అడుగున్న ఆకారమే పైనా ఉంటుంది. పిరమిడ్‌లో పైన ఒక్క శీర్షమే.

ఏడో మెట్టు: తిప్పి చూడండి, తిరగేసి అడగండి

ఒక చతురస్రం కత్తిరించి బల్ల మీద పెట్టి ఇదేమిటని అడగండి, చతురస్రం అంటారు. దాన్ని మూల మీద నిలబడినట్టు తిప్పి అడగండి. చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు కూడా "డైమండ్" అంటారు. కాగితం మారలేదు, పేరు మారింది. నెదర్లాండ్స్‌కు చెందిన డీనా, పియరీ వాన్ హీలె దంపతులు 1957లో తమ పరిశోధనల్లో దీన్నే మెట్లుగా వివరించారు. మొదటి మెట్టులో మనిషి ఆకారాన్ని దాని వాలకం చూసి గుర్తుపడతాడు, ఆ తర్వాతి మెట్టులో దాని గుణాలు చూసి. మొదటి మెట్టు నుంచి రెండోదానికి తీసుకెళ్లేది వయసు కంటే ఎక్కువగా నేర్పే పద్ధతే అని వారి వాదన. పాఠ్యపుస్తకాల్లో త్రిభుజం ఎప్పుడూ భూమి మీద బుద్ధిగా కూర్చునే ఉంటుంది కాబట్టి, మీరు గీసే ప్రతి బొమ్మనూ కాగితం తిప్పి ఇంకోసారి చూసి పేరు చెప్పించండి.

తర్వాత తిరగేసి అడగండి. బొమ్మ చూపించి పేరు అడగడం తేలిక పరీక్ష. పేరు చెప్పకుండా గుణాలు మాత్రం చెప్పి, బొమ్మ గీయించి, చివర పేరు అడగాలి. "నాలుగు భుజాలు, ఆసన్న (పక్కపక్కన ఉన్న) భుజాలు రెండు జతలుగా సమానం, ఎదురెదురు భుజాలు సమానం కానక్కర్లేదు." గీసినవారికి గాలిపటం దానంతటదే కాగితం మీదకు వస్తుంది.

ఇదంతా ఒకే రోజు ముగించవద్దు. రోజుకొక మెట్టు చాలు, చతుర్భుజాలకు రెండు రోజులు. మర్నాడు ఐదు నిమిషాలు, మూడు రోజుల తర్వాత మరో ఐదు, వారం తర్వాత ఇంకో ఐదు నిమిషాలు పుస్తకం తెరవకుండా గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాని పేరును ముందు ముక్కలుగా విడగొట్టి చూడండి, అప్పటికీ రాకపోతేనే పుస్తకం తెరవండి.

ఇవన్నీ అయ్యాక చివరి పరీక్షగా, ముందెప్పుడూ వినని పేరు ఒకటి ఇవ్వండి. మా పిల్లకు నేనిచ్చింది "సమద్విబాహు సమలంబ చతుర్భుజం". మొదట ముఖం చిట్లించింది. తర్వాత వేళ్ల మీద విడగొట్టుకుంది: నాలుగు చేతులు, లంబాలు సమానం కాబట్టి ఒక జత సమాంతరం, రెండు బాహువులు సమానం. అక్కడ ఆగింది. "ఏ రెండు, మామయ్యా?" అంది. నేను జవాబు చెప్పలేదు. "సమాంతరంగా ఉన్న రెండూ సమానమైతే అది సమాంతర చతుర్భుజం అయిపోతుంది కదా... అయితే మిగతా రెండూ" అని తనే గొణుక్కుని గీసింది. వెడల్పు భుజం పైకి, చిన్న భుజం కిందికి వచ్చేలా, పుస్తకంలో ఉండే బొమ్మకు తలకిందులుగా గీసింది. కాగితాన్ని తిప్పబోయి మానుకుంది. పేరులో పైనా కిందా అనే మాటలే లేవు కదా అంది.